పిల్లల పెంపకంలో తల్లిదండ్రుల హక్కు - రాజ్యాంగ రక్షణ: కాటారం ప్రాంత మాతృభాషావిద్య నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

పిల్లలను పెంచే హక్కు తల్లిదండ్రులదని భారత రాజ్యాంగంలోని ఏ అధికరణా సూటిగా ప్రకటించలేదు. తల్లిదండ్రుల ప్రస్తావన అందులో ప్రధానంగా బాధ్యత రూపంలోనే కనిపిస్తుంది. అయినప్పటికీ 19, 21 అధికరణలకు న్యాయస్థానాలు చేసిన వ్యాఖ్యానాల ద్వారా ఈ హక్కు క్రమంగా రూపుదిద్దుకొంది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించే అధికారం, బోధనమాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ తల్లిదండ్రులవేనని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈ తీర్పు తెలుగుమాధ్యమ చర్చపై చూపిన ప్రభావాన్ని, తెలుగు మాతృభాష కాని కోయ, లంబాడీ కుటుంబాల విషయంలో అది మిగిల్చిన ఖాళీని కాటారం ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎంపికకు వీలైన ఏర్పాటు లేనిచోట ఎంపికహక్కు కాగితానికే పరిమితమవుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: తల్లిదండ్రుల హక్కు, రాజ్యాంగం, మాతృభాష, బోధనమాధ్యమం, 350ఎ అధికరణ, కోయభాష, లంబాడీ, కాటారం.

1. ఉపోద్ఘాతం:

బిడ్డను బడిలో చేర్పించేటప్పుడు ప్రవేశ రిజిస్టరులో నింపవలసిన గడులలో 'మాతృభాష' ఒకటి. పేరు, పుట్టినతేదీ, కులం, తల్లిదండ్రుల పేర్లు, చిరునామా వంటి వివరాల నడుమ ఆ గడిని ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోరు. పుట్టినతేదీకి ధ్రువపత్రం అడుగుతారు, కులానికి ధ్రువపత్రం అడుగుతారు. మాతృభాషకు ఏ పత్రమూ అక్కరలేదు. తల్లి గానీ తండ్రి గానీ చెప్పిన మాటే అక్కడ ఆధారం. బిడ్డ పెంపకంలో తల్లిదండ్రుల నిర్ణయాధికారాన్ని ప్రభుత్వం ఏ రుజువూ కోరకుండా అంగీకరించే అరుదైన స్థలం ఆ గడి.

కాటారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మండలకేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడినుంచి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరితే ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు కనిపిస్తుంది. వంతెన దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కోయ, లంబాడీ మాటలు వినిపిస్తాయి. అవతలి ఒడ్డున మరాఠీ రాజభాష. తెలుగు అక్కడ అల్పసంఖ్యాకుల భాష. మాతృభాష అనే గడిలో ఏమి రాయాలి, రాసినదానికి రాజ్యాంగం ఏమి హామీ ఇస్తుంది అనే ప్రశ్నలకు ఇంతకంటే తగిన నేపథ్యం దొరకడం కష్టం.

తెలుగుశాఖలలో పనిచేసేవారం మాతృభాషలో విద్య అవసరమని తరచూ వాదిస్తుంటాం. ఆ వాదనకు భాషాశాస్త్ర, మనస్తత్వశాస్త్ర ఆధారాలను చూపుతాం. రాజ్యాంగం ఆ నిర్ణయాన్ని ఎవరి చేతిలో పెట్టిందన్న విషయాన్ని మాత్రం తగినంతగా చర్చించలేదు. ఆ లోటును కొంతవరకైనా పూరించేందుకు రాజ్యాంగ నిబంధనలను, న్యాయస్థానాల తీర్పులను, ప్రభుత్వ ఉత్తర్వులను, జనాభాలెక్కల వర్గీకరణను ఆధారాలుగా తీసుకోవడమైనది.

2. రాజ్యాంగంలో తల్లిదండ్రులు:

రాజ్యాంగంలో 'తల్లిదండ్రులు' అనే మాట మొదట పౌరసత్వానికి సంబంధించిన రెండో భాగంలో వస్తుంది. ఒక వ్యక్తి పౌరుడా కాదా అని తేల్చడానికి అతని తల్లిదండ్రుల జన్మస్థలాన్ని పరిగణనలోకి తీసుకోవడం అక్కడి సందర్భం. పెంపకానికీ దానికీ సంబంధం లేదు. 28(3) అధికరణలో 'సంరక్షకుడు' కనిపిస్తాడు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మైనరు విద్యార్థి మతబోధలో పాల్గొనాలంటే సంరక్షకుని సమ్మతి ఉండాలి. బిడ్డకు ఏమి బోధించాలన్న విషయంలో ఇంటివారి మాటకు రాజ్యాంగం స్పష్టంగా విలువనిచ్చిన సందర్భం ఇది.

మూడో ప్రస్తావన 2002 నాటి 86వ సవరణతో వచ్చింది. ఆ సవరణ 21ఎ అధికరణ ద్వారా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దానితోపాటే 51ఎ అధికరణకు (కె) ఖండాన్ని చేర్చి, ఆ వయసు బిడ్డకు విద్యావకాశాలు కల్పించడం తల్లి, తండ్రి లేదా సంరక్షకుని ప్రాథమిక విధి అని పేర్కొంది. ఇవి 2010 ఏప్రిల్ 1 నుంచి, విద్యాహక్కు చట్టంతో పాటు అమలులోకి వచ్చాయి. ఆ చట్టంలోని 10వ సెక్షను బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని చెబుతుంది. చేర్పించనివారికి శిక్షను మాత్రం విధించదు.

అంటే ఈ మొత్తంలో హక్కు బిడ్డది, ఏర్పాటు చేసే బాధ్యత ప్రభుత్వానిది, బడికి పంపే విధి తల్లిదండ్రులది. ఎలాంటి చదువు, ఏ భాషలో చదువు అన్న విషయంలో తల్లిదండ్రుల మాటకు ఎంత విలువ ఉంటుందో 21ఎ అధికరణ చెప్పలేదు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 26(3) అధికరణ మాత్రం పిల్లలకు ఏ రకమైన విద్య ఇవ్వాలో ఎంచుకొనే ప్రథమ హక్కు తల్లిదండ్రులదని చెప్పింది. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 13(3) అధికరణ కూడా పాఠశాలను ఎంచుకొనే స్వేచ్ఛను గుర్తించింది. భారతదేశం 1979లో ఆ ఒడంబడికలో చేరింది. రాజ్యాంగపాఠం మౌనంగా ఉన్న ఈ చోటును పూరించింది న్యాయస్థానాలే.

3. హక్కు రూపుదిద్దుకున్న క్రమం:

ఆధునిక రాజ్యాంగచరిత్రలో తల్లిదండ్రుల పెంపకహక్కు తొలిసారి బలంగా వినిపించింది భాషకు సంబంధించిన వివాదంలోనే. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో ఒక చట్టం చేసి, ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఆంగ్లేతర ఆధునిక భాషలను బోధించడాన్ని నేరంగా ప్రకటించింది. పదేళ్ల బాలునికి జర్మన్ నేర్పిన ఉపాధ్యాయునికి శిక్ష పడింది. 1923లో 'మేయర్ వర్సెస్ నెబ్రాస్కా' తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. ఉపాధ్యాయునికి బోధించే స్వేచ్ఛ ఉన్నట్లే, తమ బిడ్డకు ఆ భాష నేర్పించమని అతణ్ణి నియమించుకొనే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉందని, అది రాజ్యాంగం హామీ ఇచ్చిన 'స్వేచ్ఛ'లో భాగమని తేల్చింది. రెండేళ్ల తరువాత 'పియర్స్' తీర్పు పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టాన్ని చెల్లదన్నది. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాలలో పిల్లలకు తెలుగు నేర్పించుకొంటున్నాయి. 2007లో ఆరంభమైన సిలికానాంధ్ర మనబడి వంటి ప్రయత్నాలకు ఏ ప్రభుత్వ అనుమతీ అవసరం కాకపోవడం వెనుక, జర్మన్ భాష కోసం వందేళ్ల క్రితం జరిగిన ఈ పోరాటం ఉంది.

భారతదేశంలో ఈ హక్కు గోప్యతాహక్కు వెంట వచ్చింది. 1975లో 'గోవింద్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం' కేసులో సుప్రీంకోర్టు గోప్యత పరిధిని వివరిస్తూ ఇల్లు, కుటుంబం, వివాహం, మాతృత్వంతో పాటు పిల్లల పెంపకాన్నీ అందులో చేర్చింది. 1994 నాటి 'ఆర్. రాజగోపాల్' తీర్పు ఆ జాబితాలో విద్యను కూడా పేర్కొంది. 2017 ఆగస్టు 24న 'పుట్టస్వామి' కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను 21వ అధికరణలో అంతర్భాగమైన ప్రాథమిక హక్కుగా గుర్తించి, కుటుంబజీవనపు పవిత్రతకు రక్షణ కల్పించింది. ఈ మూడు తీర్పులూ పిల్లల పెంపకం గురించిన వివాదాలు కావు. మొదటిది పోలీసు నిఘాకు, రెండోది ఒక ఖైదీ ఆత్మకథ ప్రచురణకు, మూడోది ఆధార్ నేపథ్యానికి సంబంధించినవి. పెంపకహక్కు మనదేశంలో ఇతర హక్కుల నీడన పెరిగిందనడానికి ఇదే సాక్ష్యం.

4. 'తల్లిదండ్రులు' అంటే ఎవరు?

ఈ హక్కు ఇద్దరిలో ఎవరిది అన్న ప్రశ్నకూ న్యాయస్థానాలే జవాబు వెదికాయి. తెలుగుమాట తల్లిని ముందు నిలిపింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని 6వ సెక్షను తండ్రిని ముందు నిలిపి, 'అతని తరువాత' తల్లిని సహజ సంరక్షకురాలిగా పేర్కొంది. 1999లో 'గీతా హరిహరన్' కేసులో సుప్రీంకోర్టు 'తరువాత' అన్న పదానికి 'మరణానంతరం' అనే అర్థం మాత్రమే తీసుకోనక్కరలేదని, తండ్రి బాధ్యతలో లేనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలవుతుందని వ్యాఖ్యానించింది. ఒక పదానికి అర్థనిర్ణయం చేయడం ద్వారా హక్కు చేతులు మారిన సందర్భం కాబట్టి ఇది భాషావిద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది.

ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన మరో వివాదం ఇంటిపేరుకు సంబంధించినది. భర్త మరణించాక పునర్వివాహం చేసుకొన్న తల్లి తన బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలన్న దానిపై ఉన్నత న్యాయస్థానం చనిపోయిన తండ్రి ఇంటిపేరునే ఉంచాలని ఆదేశించింది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తోసిపుచ్చింది. ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరును నిర్ణయించే హక్కు ఉందని స్పష్టం చేసింది. పేరు విషయంలో తల్లికి దక్కిన ఈ అధికారం, బిడ్డ భాష విషయంలో ఎంతవరకు దక్కుతుందన్నది తరువాతి ప్రశ్న.

5. బోధనమాధ్యమం - 2014 తీర్పు:

కర్ణాటక ప్రభుత్వం 1994లో జారీచేసిన ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు బోధన మాతృభాషలో గాని, కన్నడంలో గాని జరగాలి. దీనిపై సాగిన సుదీర్ఘ వివాదంలో 2014 మే 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అందులోని నిర్ణయాలు మూడు మన చర్చకు ముఖ్యమైనవి.

మొదటిది మాతృభాష నిర్వచనం. రాజ్యాంగంలో 'మాతృభాష' అనే పదం 350ఎ అధికరణలో వస్తుంది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన 1956లో, ఏడో సవరణ ద్వారా ఇది చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానికసంస్థ ప్రయత్నించాలని దీని సారాంశం. బిడ్డకు సులువుగా ఉండే భాషే మాతృభాష అన్న వాదనను ధర్మాసనం అంగీకరించలేదు. ఈ అధికరణ సందర్భంలో మాతృభాష అంటే ఆ రాష్ట్రంలోని భాషాల్పసంఖ్యాకుల భాష అని, ఒక బిడ్డ మాతృభాష ఏదో చెప్పవలసింది తల్లిదండ్రులు లేదా సంరక్షకుడేనని పేర్కొంది.

రెండోది ఎంపిక స్వేచ్ఛ. ప్రాథమికదశలో ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకొనే స్వేచ్ఛ 19(1)(ఎ) అధికరణ హామీ ఇచ్చిన వాక్స్వాతంత్ర్యంలో భాగమని, బిడ్డ తరఫున తల్లిదండ్రులు దాన్ని వినియోగిస్తారని తీర్పు చెప్పింది. మూడోది నిపుణుల అభిప్రాయానికి ఉన్న పరిమితి. చిన్నపిల్లలు మాతృభాషలోనే బాగా నేర్చుకుంటారని నిపుణులు ఏకాభిప్రాయంతో ఉన్నప్పటికీ, ఆ కారణంతో ప్రభుత్వం ఆ మాధ్యమాన్ని నిర్బంధంగా విధించడానికి వీల్లేదని న్యాయస్థానం భావించింది.

భాషను ఒక పాఠ్యాంశంగా నేర్చుకోమనడం వేరు, మాధ్యమంగా విధించడం వేరు అన్న భేదాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి. 2004 నాటి 'ఉషా మెహతా' తీర్పు మహారాష్ట్ర పాఠశాలలలో మరాఠీని తప్పనిసరి పాఠ్యాంశం చేయడాన్ని సమర్థించింది. అన్ని పాఠశాలల్లో తెలుగును తప్పనిసరిగా బోధించాలన్న 2018 నాటి తెలంగాణ చట్టానికి ఈ భేదమే ఊతం. కనుక తెలుగును నేర్చుకోమని ప్రభుత్వం చెప్పవచ్చు. తెలుగులోనే అన్నీ నేర్చుకోమని మాత్రం శాసించలేదు.

6. తెలుగునేలపై ఎంపిక:

ఈ సూత్రం తెలుగువారి విషయంలో ఎదురుదిశ నుంచి పరీక్షకు నిలిచింది. కర్ణాటకలో ప్రభుత్వం స్థానికభాషను విధిస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆంగ్లాన్ని విధించింది. 2019 నవంబరులో జారీ అయిన 81వ నంబరు ఉత్తర్వు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టాలని నిర్దేశించింది. అదే నెలలో వచ్చిన 85వ నంబరు ఉత్తర్వు దాన్ని ఒకటి నుంచి ఆరో తరగతి వరకు కుదించి, తెలుగును తప్పనిసరి పాఠ్యాంశంగా నిలిపింది. 2020 ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం ఈ రెండు ఉత్తర్వులనూ కొట్టివేసింది. వీలైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండాలన్న విద్యాహక్కు చట్టం 29(2)(ఎఫ్) నిబంధన, మాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారాలు.

తెలుగు భాషాభిమానులు ఆ తీర్పును భాషకు దక్కిన విజయంగా స్వాగతించారు. నిజానికి అది గెలిపించింది ఎంపికహక్కును. ఆ వెంటనే ప్రభుత్వం గ్రామ వాలంటీర్ల ద్వారా తల్లిదండ్రుల ఐచ్ఛికాలను సేకరించింది. ప్రభుత్వం ప్రకటించిన ఫలితాల ప్రకారం 96 శాతానికి పైగా తల్లిదండ్రులు తెలుగు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండే ఆంగ్లమాధ్యమాన్ని కోరుకొన్నారు. తెలుగుమాధ్యమాన్ని కోరినవారు సుమారు 3 శాతం. ఐచ్ఛికాలను సేకరించిన పద్ధతిపై విమర్శలు ఉండవచ్చు. ఆంగ్లం వస్తేనే ఉద్యోగం అన్న భయం ఆ అంకెల వెనుక ఉండవచ్చు. అయినా ఆ భయం పడేది బిడ్డ భవిష్యత్తుకు బాధ్యులైనవారే కాబట్టి దాన్ని అజ్ఞానమని తీసివేయడం న్యాయం కాదు.

తెలంగాణలో 2022 జనవరిలో మంత్రివర్గం ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమాన్ని ప్రవేశపెట్టాలని నిర్ణయించి, 2022-23 విద్యాసంవత్సరం నుంచి అమలుకు పూనుకొంది. ఒకే పాఠం ఆంగ్లంలోను, తెలుగులోను ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒకే పుస్తకంలో రెండు భాషలు ఉండడం వల్ల ఎంపిక భారం ఒక రోజు రిజిస్టరులో రాసే మాటతో ముగియకుండా, తరగతిగదిలోను ఇంటిలోను కొనసాగే అవకాశం కలిగింది. ఆంగ్లపాఠం అర్థంకాని బిడ్డకు పక్కనున్న తెలుగుపుట ఊతకర్ర అవుతుంది. ఈ సౌకర్యం తెలుగు మాతృభాషగా గలవారికి లభించింది. కోయ ఇంటి బిడ్డకు ఆ రెండు పుటలూ పరాయివే.

7. గోదావరి రెండు ఒడ్లు:

350ఎ అధికరణ ఏ భాషనూ పేరుపెట్టి చెప్పలేదు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకే అది పరిమితం కాదు. ఎవరు అల్పసంఖ్యాకులన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సిరొంచలో తెలుగు మాట్లాడే తల్లి ఈ అధికరణ కింద మహారాష్ట్రను తెలుగుబోధన కోరవచ్చు. వంతెన దాటి కాళేశ్వరం వైపు వచ్చి స్థిరపడితే ఆమెకు ఆ రక్షణ అవసరం లేదు. ఆమె పక్కింటి కోయ తల్లికి అవసరం. ఒకే నది ఒడ్డున నిలిచిన తెలుగు, ఒకవైపు రక్షణ కోరే భాష, మరొకవైపు రక్షణ ఇవ్వవలసిన భాష.

ఈ ప్రాంతంలో ఈ అనుభవం కొత్తది కాదు. నిజాం పాలనలో ప్రభుత్వ విద్య ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఉర్దూ చదివిన తరం మనకు పూర్వీకులు. ఆ లోటును తీర్చుకోవడానికే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. తమ పిల్లల భాష ప్రభుత్వ లెక్కలో లేకపోవడం ఎలా ఉంటుందో తెలంగాణ తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

నేడు కోయ, లంబాడీ కుటుంబాల స్థితిని ఈ జ్ఞాపకంతో పోల్చి చూడవచ్చు. 2011 జనాభాలెక్కల ప్రకారం దేశంలో కోయభాషను మాతృభాషగా చెప్పినవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. లంబాడీ విషయం మరింత ఆలోచింపజేస్తుంది. లంబాడీని మాతృభాషగా చెప్పినవారు 32 లక్షలకు పైగా ఉన్నా, జనాభాలెక్కల వర్గీకరణ దాన్ని ప్రత్యేక భాషగా చూపక 'హిందీ' శీర్షిక కింద చేర్చింది. జనగామ, మహబూబాబాద్ జిల్లాల తండాలలో ఒక తల్లి తన మాతృభాష లంబాడీ అని చెప్పినా, లెక్కల పట్టికలో ఆమె హిందీ భాషీయురాలిగా తేలుతుంది. మాతృభాషను నిర్ణయించేది తల్లిదండ్రులేనన్న 2014 తీర్పునూ ఈ వర్గీకరణనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెప్పే హక్కు ఒకరిదై, నమోదు చేసే అధికారం మరొకరిదైనప్పుడు ఏమవుతుందో తెలుస్తుంది.

ఈ దిశలో ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 ప్రాంతంలో మాతృభాషాధారిత బహుభాషావిద్యా కార్యక్రమాన్ని చేపట్టి కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలలో, తెలుగులిపిలో ప్రాథమిక వాచకాలను రూపొందించింది. తెలుగులిపి ఆ భాషలకు వాహికగా పనిచేయగలదని అది నిరూపించింది. అయితే వాచకం ఉన్నంతమాత్రాన బోధన జరగదు. దాన్ని చదివి చెప్పగల ఉపాధ్యాయుడు కావాలి.

ఇక్కడే మరో తీర్పును ప్రస్తావించాలి. షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 3వ నంబరు ఉత్తర్వును జారీచేసింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరుశాతం రిజర్వేషను చెల్లదని ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. ఆ కేసులో చర్చంతా ఉద్యోగావకాశాల సమానత్వం చుట్టూ సాగింది. దాని భాషాపరిణామాన్ని తెలుగు పరిశోధకులు గుర్తించవలసి ఉంది. ఆంగ్లమాధ్యమ ఉత్తర్వులు రద్దయిన వారం రోజులకే ఈ తీర్పు వచ్చింది. మొదటి తీర్పు మాధ్యమాన్ని ఎంచుకొమ్మని తల్లిదండ్రులకు చెప్పింది. రెండో తీర్పు తరువాత, ఏటూరునాగారం వంటి ప్రాంతాల కోయ తల్లిదండ్రులు తమ భాషను ఎంచుకొన్నా, ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు బడిలో ఉంటాడన్న భరోసా తగ్గింది.

8. హక్కు పరిమితులు:

ఎంపికహక్కు స్వభావాన్ని బట్టి ఒక పరిమితి ఉంది. 19(1)(ఎ) ఇచ్చేది ప్రభుత్వ నిర్బంధం నుంచి రక్షణ. కోరుకొన్న మాధ్యమంలో బడి పెట్టి తీరాలన్న హామీ అందులో లేదు. ఆ హామీకి దగ్గరగా వచ్చేవి 350ఎ అధికరణ, 29(2)(ఎఫ్) నిబంధన. వీటిలో మొదటిది 'ప్రయత్నం' అనే మాటతో, రెండోది 'వీలైనంతవరకు' అనే మాటతో మెత్తబడ్డాయి. డబ్బున్న తల్లిదండ్రులు ప్రైవేటు బడిని వెదుక్కోగలరు. ఊళ్లో ఉన్న ఒక్క ప్రభుత్వబడి తప్ప మరో దారిలేనివారికి ఎంపిక అంటే ఆ బడిలో ఉన్నదే.

రెండో పరిమితి బిడ్డ మేలు. బాల్యవివాహాన్ని గాని, బిడ్డను పనికి పంపడాన్ని గాని పెంపకహక్కు పేరుతో సమర్థించలేం. బిడ్డ సంరక్షణ వివాదాలలో బిడ్డ సంక్షేమమే గీటురాయి అన్నది స్థిరపడిన సూత్రం. మాధ్యమం విషయంలో బిడ్డ మేలు ఏదన్న దానిపై పెద్దల మధ్యనే భిన్నాభిప్రాయం ఉంది కనుక న్యాయస్థానం నిర్ణయాన్ని తల్లిదండ్రులకు వదిలింది.

మూడోది వసతిపాఠశాలలకు సంబంధించినది. నేడు కాటారం భాగంగా ఉన్న మంథని నియోజకవర్గానికి 1957 నుంచి రెండు దశాబ్దాలు ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల ఆరంభమైంది. ఆ బాటలో విస్తరించిన గురుకులాలు, ఆశ్రమపాఠశాలలు పేదకుటుంబాల పిల్లలకు చేసిన మేలు కాదనలేనిది. అదే సమయంలో, ఏడాదిలో అధికభాగం ఇంటికి దూరంగా ఉండే బిడ్డ విషయంలో పెంపకం సంస్థ చేతికి వెళుతుంది. అక్కడ ఇంటిభాష వినిపించకపోతే, మతబోధకు 28(3) అడిగినట్లు దానికి ఎవరి సమ్మతినీ ఎవరూ అడగరు.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. రాజ్యాంగం తల్లిదండ్రుల బాధ్యతను అక్షరాలలో చెప్పింది. వారి హక్కును న్యాయస్థానాలు 19, 21 అధికరణల నుంచి వ్యాఖ్యానం ద్వారా వెలికితీశాయి.

2. 2014 తీర్పు తరువాత తెలుగుమాధ్యమాన్ని చట్టబలంతో నిలపడం సాధ్యం కాదు. తల్లిదండ్రులు కోరి ఎంచుకొనేంత నాణ్యంగా దాన్ని తీర్చిదిద్దడమే మిగిలిన మార్గం. ఆ బాధ్యతలో తెలుగు అధ్యాపకులకు, పాఠ్యపుస్తక రచయితలకు ప్రధాన భాగం ఉంది.

3. మాతృభాష పేరుతో మనం తెలుగుకు కోరేదాన్నే కోయ, గోండి, లంబాడీ కుటుంబాలకూ కోరాలి. కోయబిడ్డకు తెలుగుమాధ్యమాన్ని చూపి మాతృభాషావిద్య అందిందనడం సరికాదు.

4. ప్రవేశ రిజిస్టరులోని మాతృభాష గడిని తల్లిదండ్రులను అడిగి, వారు చెప్పిన పేరుతోనే నింపాలి. అడగకుండానే అందులో 'తెలుగు' అని రాస్తే, 350ఎ కింద సదుపాయం కోరడానికి కావలసిన తొలి ఆధారం అక్కడే చెరిగిపోతుంది.

5. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో మూడువంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగంమంది స్త్రీలు ఉండాలి. 22వ సెక్షను కింద ఆ కమిటీ తయారుచేసే పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో గదులు, ప్రహరీల అవసరాలతో పాటు భాషావసరాన్నీ చేర్చవచ్చు. భాష తెలిసిన విద్యావాలంటీరు, సేతువాచకం వంటి కోరికలకు చట్టం చూపిన ద్వారం అది.

6. కోయ, లంబాడీ వాచకాల పునర్ముద్రణ, తెలుగుతో తులనాత్మక పదకోశాల నిర్మాణం, ద్విభాషా పాఠ్యపుస్తకాలకు మూడో భాషలో సహాయక పుటల తయారీ తెలుగు పరిశోధనకు వెంటనే చేపట్టదగిన అంశాలు. లిపి ఒకటే కావడం ఈ పనిని సులభతరం చేస్తుంది.

బిడ్డ ఏ భాషలో లోకాన్ని తెలుసుకోవాలన్న నిర్ణయం చివరకు ఇంటిదేనని రాజ్యాంగ న్యాయం చెప్పింది. ఆ నిర్ణయం ఫలించాలంటే రిజిస్టరులో ఆ భాష పేరుండాలి, చేతిలో దాని పుస్తకముండాలి, బడిలో దాన్ని మాట్లాడే గురువుండాలి. ఈ మూడింటిలో మొదటిదానికి ఏ బడ్జెటూ అక్కరలేదు. వచ్చే జూన్‌లో బడి తెరిచిన రోజున, బిడ్డ చేయిపట్టుకొని వచ్చిన తల్లిని 'అమ్మా, మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?' అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్లు రాస్తే చాలు.